పత్రిలో పేరుంది... పెరట్లో చోటేదీ?

వినాయక చవితి ముందురోజు ఏ రైతుబజారుకు వెళ్లినా పత్రి కట్టలు గుట్టలు పోసి ఉంటాయి. మామిడి రొబ్బ, రేగు కొమ్మ, జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, గరిక... చేతికందినవన్నీ కలిపి బిగించిన కట్ట. మర్నాడు పూజలో 21 పత్రాల పేర్లు వరసగా చదువుతారు. కరవీరం అయ్యాక, దాడిమికి ముందు, పదకొండోదిగా విష్ణుక్రాంత పత్రం వస్తుంది. పేరు వినపడగానే పీట మీద కూర్చున్నవాళ్లు కట్టలోంచి చేతికి దొరికిన ఆకు తుంచి వేసేస్తారు. గన్నేరు ఆకేదో, దానిమ్మ ఆకేదో చాలామందికి తెలుసు. విష్ణుక్రాంతం మాత్రం కట్టలో ఉండడమే తక్కువ, ఉన్నా గుర్తుపట్టేవాళ్లు ఇంకా తక్కువ.

అలాగని అదేమీ దొరకని మూలిక కాదు. అదే జాబితాలో ఉన్న దేవదారు హిమాలయాల చెట్టు. అది దొరకలేదంటే అర్థం ఉంది. విష్ణుక్రాంతం అలా కాదు. మన ఎర్రనేలల్లో, చెలక గట్ల మీద, గుట్టల వాలున, ఊరి బయటి బీళ్లలో వానాకాలం మొదలు చలికాలం దాకా పూస్తూనే ఉంటుంది. నేలబారు మొక్క, పువ్వేమో చిటికెనవేలి గోరంత. నడిచిపోయే మనిషి కంటికి ఆనదు. వంగి చూడాలి.

వంగితే చూడాల్సింది చాలా ఉంది. నేలమట్టంలో కర్రబారిన చిన్న మొదలు, దాన్నుంచి నలుదిక్కులకూ పాకిన సన్నటి కాడలు. కాడలు బలహీనంగా కనిపిస్తాయి గానీ లాగితే తేలిగ్గా తెగవు. ముప్ఫై నలభై సెంటీమీటర్ల దాకా పరుచుకుంటాయి. చిలగడదుంప, తూటికూర, కాశీరత్నం దీని చుట్టాలే, కుటుంబం ఒకటే. అయినా ఇది దేన్నీ చుట్టుకోదు, పందిరి ఎక్కదు. కాడల మీద, ఆకుల మీద ఒత్తుగా నూగు ఉంటుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ నూగు వల్లే మొక్కంతా వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. ఆకు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు, కోలగా ఉంటుంది, తొడిమ ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది. ఆకు పంగలోంచి దారం మందాన ఒక కాడ లేస్తుంది. దాని చివరన పువ్వు. అయిదు రెక్కలు అంచుల దాకా అతుక్కుపోయి దాదాపు గుండ్రంగా విచ్చుకుంటాయి. రంగు స్వచ్ఛమైన నీలం, నడిబొడ్డున మాత్రం తెలుపు. అప్పుడప్పుడు తెల్లపూల మొక్కలూ తగులుతాయి.

భూతద్దం ఉన్నవాళ్లకు ఇంకో వేడుక. పువ్వు నడుమ అండాశయం మీద రెండు కీలాలు లేస్తాయి. ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలుతుంది, వెరసి నాలుగు కొసలు. దీనికి దగ్గరి బంధువైన కన్వాల్వులస్ ప్రజాతిలో కీలం ఒక్కటే ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ విడదీసేది ముఖ్యంగా ఈ గుర్తుతోనే.

పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దాని ఆయుష్షు ఆ ఒక్క పూటే. మర్నాటికి పక్క పంగలో ఇంకోటి సిద్ధంగా ఉంటుంది. కాయ కట్టాక అంతవరకూ నిటారుగా ఉన్న సన్నటి కాడ కిందికి వంగుతుంది. మిరియపు గింజ కన్నా చిన్నదైన ఆ గుండ్రటి కాయ ఎండి నాలుగు చెక్కలుగా విడిపోతుంది. లోపల ఎక్కువలో ఎక్కువ నాలుగు గింజలు.

నీలిరంగు చూసి పొరపడేవాళ్లూ ఉన్నారు. కొన్ని ప్రాంతాల్లో శంఖపుష్పాన్నే విష్ణుక్రాంతం అంటారు. అది చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ, ప్రహరీగోడ ఎక్కుతుంది, పువ్వు చాలా పెద్దది. రెండోది వెన్నదేవి కూర. దాని కాడ నీరుపట్టి పుటుక్కున విరుగుతుంది, పువ్వుకు రెండు నీలి రెక్కలు పెద్దవిగా, మూడోది చిన్నగా ఉంటాయి. మూడోదానితో ఇంకాస్త జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది విష్ణుక్రాంతానికి తోబుట్టువే. పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో పచ్చికలో కలిసిపోయి పెరిగే ఎవాల్వులస్ నుమ్ములారియస్. అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఆకులు గుండ్రంగా, పూలు తెల్లగా ఉంటాయి, కాడ నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లు పోస్తుంది. విష్ణుక్రాంతం కణుపుల దగ్గర వేళ్లు పోయదు. కాడ ఎత్తి చూస్తే అనుమానం తీరిపోతుంది.

శాస్త్రీయంగా దీని పేరు ఎవాల్వులస్ ఆల్సినాయిడీస్. ఈ ప్రజాతిలో సుమారు వంద జాతులున్నాయి. దాదాపు అన్నీ ఉత్తర, దక్షిణ అమెరికాలవే. విష్ణుక్రాంతం మాత్రం ఆ హద్దు దాటి ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాల ఉష్ణప్రాంతాలన్నింటా పరుచుకుంది. అమెరికాలోని టెక్సాస్, ఆరిజోనా ఎండునేలల్లోనూ ఇది సొంత మొక్కే. డాలస్‌లో చవితి చేసుకునే తెలుగువాళ్లు పత్రిలో ఒక్కదాని కోసమైనా ఇండియా వైపు చూడక్కర్లేదన్నమాట.

అచ్చులోకి కూడా ఇది తొందరగానే ఎక్కింది. కొచ్చిన్‌లో డచ్చి గవర్నరుగా ఉన్న వాన్ రీడె మలబారు వైద్యుల సాయంతో అక్కడి మొక్కల వివరాలు సేకరించాడు. ఆ 'హోర్టుస్ మలబారికుస్' 1678-1693 మధ్య ఆమ్‌స్టర్‌డాంలో 12 సంపుటాలుగా వెలువడింది. పదకొండో సంపుటంలో విష్ణుక్రాంతం బొమ్మ, దాని మలయాళ పేరు ఉన్నాయి. తర్వాత లిన్నేయస్ 1753లో దీన్ని కన్వాల్వులస్‌లో చేర్చి, 1762లో ఎవాల్వులస్‌కు మార్చాడు.

ఇక అసలు సంగతి. ఈ మొక్కను పెంచాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఎరువుల గురించి కాదు, అది పుట్టే నేల గురించి. గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టి, మొరం, బండల సందుల్లో చేరిన పిడికెడు మన్ను దాని చిరునామాలు. అలాంటి చోట పొడవాటి గడ్డి ఏపుగా రాదు. వచ్చినా మేకలు, గొర్రెలు మేసి పొట్టిగా ఉంచుతాయి. నేలకు అతుక్కున్న మొక్కకు కావాల్సింది అదే. నెత్తి మీద నీడ లేకపోతే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. మే నెలలో పైకాడలన్నీ ఎండిపోయినా నేలలో మొదలు బతికే ఉంటుంది. తొలకరి పడ్డ కొన్నాళ్లకే దాన్నుంచి కొత్త కాడలు లేస్తాయి. అదే నేలకు కంచె వేసి నాలుగేళ్లు వదిలేసి, సర్కారు తుమ్మ కమ్ముకుందా, విష్ణుక్రాంతం మాయమవుతుంది. నీటి ఎద్దడికి చావని మొక్క నీడకు చస్తుంది.

కాగితాల మీద ఈ నేలలకు విలువ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, కేంద్ర భూవనరుల శాఖ కలిసి బంజరు భూముల అట్లాసులు వేస్తుంటాయి, 2019లోనూ ఒకటి వచ్చింది. చిన్నచిన్న పొదలు, గడ్డి ఉన్న బయళ్లు అందులో బంజరు లెక్కలోకే వస్తాయి. బంజరు అన్న ముద్ర పడ్డాక అక్కడ యూకలిప్టస్ నాటినా, లేఅవుటు వేసినా అడిగేవాళ్లుండరు. రాయలసీమలో బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు మాత్రం ఒక గడ్డిమైదానానికి గడ్డిమైదానంగానే గౌరవం దక్కింది. అలాంటి ఉదాహరణలు తెలుగు నేల మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పొలం గట్ల మీద సమస్య వేరు. ఒకప్పుడు గట్టు మీది గడ్డిని కొడవలితో కోసి పశువులకు వేసేవారు. కొడవలి పైభాగాన్నే తీస్తుంది కాబట్టి విష్ణుక్రాంతానికి నష్టం లేదు, పైగా పోటీ తగ్గి మేలు. ఇప్పుడు చాలాచోట్ల గడ్డిమందు కొడుతున్నారు. గ్లైఫోసేట్ ఆకులోంచి లోపలికి ఇంకి వేరుదాకా దిగుతుంది. అంటే ఏటేటా చిగురించే మొదలే చచ్చిపోతుంది. గింజ మొక్కలు మళ్లీ మొలుస్తాయి గానీ ఇలాంటి బహువార్షికాలు తేరుకోవడం కష్టం. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కూలి ఖర్చు చూసుకునే రైతును తప్పుపట్టి లాభం లేదు. కానీ నాటుపూలు, వాటి మీద వాలే చిన్న తేనెటీగలు ముందుగా కనుమరుగయ్యేది ఈ గట్ల మీది నుంచే.

కాబట్టి కుండీలో పెంచడం ఉత్త సరదా వ్యవహారం కాదు. కాకపోతే పెంచాలన్న ఉత్సాహంలో చాలామంది చేసే మొదటి పని, బీట్లోకి వెళ్లి బాగా పూసిన మొక్కను గునపంతో పెకలించుకు రావడం. అది దక్కదు. తల్లివేరు రాళ్ల మధ్యకు లోతుగా దిగి ఉంటుంది, తవ్వేటప్పుడు సగంలో తెగుతుంది. మట్టి రాలిపోయి పీచువేళ్లు ఊడతాయి. ఇంటికి తెచ్చి నాటితే వారం తిరక్కుండా వాడిపోతుంది. బీట్లో ఒకటి తగ్గింది, కుండీలో ఒకటి పెరగలేదు.

గింజతో మొదలుపెట్టడమే సరైన దారి. కార్తీకం వచ్చేసరికి కాయలు ఎండుగడ్డి రంగుకు తిరుగుతాయి. పూర్తిగా ఎండనిస్తే విచ్చుకుని రాలిపోతాయి, అప్పుడిక ఇసుకలో వెతుక్కోవాలి. అందుకని రంగు తిరిగిన కాయలున్న కాడ కొసలను కత్తెరతో తీసి, కాగితం కవర్లో వేసి, వారం పది రోజులు నీడలో ఉంచాలి. కాయలు కవర్లోనే విచ్చుకుంటాయి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే తేమకు బూజు పడుతుంది.

ఆ గింజలను నేరుగా మట్టిలో వేసి రోజూ నీళ్లు పోస్తే కొన్నే మొలుస్తాయి, మిగిలినవి అలాగే పడుంటాయి. గింజలు పుచ్చిపోయాయని అనుకోనక్కర్లేదు. ఈ కుటుంబంలో చాలా మొక్కల గింజలకు నీరు ఇంకని గట్టి తొడుగు ఉంటుంది. ఆరుబయట ఎండలు, వానలు, రాళ్ల రాపిడి ఆ తొడుగును మెల్లగా అరగదీస్తాయి. అందుకే ఒక్క వానకే అన్నీ మొలవవు, ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని మొలుస్తాయి. ఒక ఏడు వానలు మొహం చాటేసినా వంశం నిలవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటది. ఇంట్లో మనకంత ఓపిక ఉండదు కాబట్టి ఆ రాపిడి పని మనం చెయ్యాలి. వడ్రంగులు వాడే ఉప్పుకాగితం ముక్కలు రెండు తీసుకుని, మధ్యలో గింజలు వేసి, అరచేత్తో తేలిగ్గా నాలుగైదుసార్లు రుద్దాలి. తర్వాత రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. పొద్దున చూస్తే కొన్ని గింజలు ఉబ్బి ఉంటాయి, కొన్ని అలాగే చిన్నగా ఉంటాయి. ఉబ్బినవి నాటుకోవచ్చు. ఉబ్బనివాటిని ఆరబెట్టి, మళ్లీ రుద్ది, మళ్లీ నానబెట్టాలి. ఓపికగా చేస్తే చాలా గింజలు పనికొస్తాయి.

నాటే కాలం జూన్, జులై. గింజ మీద రెండు మూడు మిల్లీమీటర్లకు మించి మట్టి పడకూడదు. లోతుగా పాతితే మట్టిని చీల్చుకుని పైకి వచ్చేంత బలం మొలకకు లేదు. కుండీలో మొలిచిన నారు నాలుగైదు ఆకులకు రాగానే మట్టిగడ్డతో సహా తీసి అసలు చోటికి మార్చాలి. ఆలస్యమైతే తల్లివేరు కిందికి దిగి, మార్చినప్పుడు దెబ్బతింటుంది. అసలు మార్చే పని లేకుండా పెరగాల్సిన కుండీలోనే నాలుగైదు గింజలు వేసి, బలమైన రెండు మొక్కలుంచి మిగతావి తీసెయ్యడం ఇంకా మేలు.

కొమ్మతోనూ ప్రయత్నించొచ్చు. వానాకాలంలో ముదురూ లేతా కాని కాడను మూడు నాలుగు అంగుళాలు తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడపట్టున ఉంచాలి. నాటినవన్నీ బతకవు, పదో పన్నెండో కాడలు పెడితేనే నమ్మకం.

మట్టి దగ్గరే నగరవాసులు ఎక్కువ పొరపాట్లు చేస్తారు. ఇప్పుడు మేడ మీది తోటలంటే కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సగం సగం కలపడం అలవాటైపోయింది. టమాటకు అది బాగుంటుంది. విష్ణుక్రాంతానికి ఆ మిశ్రమం పోస్తే తడి ఆరక వేరు కుళ్లుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుకగానీ చిన్న కంకరగానీ, పైన ఒక గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు. అంతే. నల్లరేగడి వద్దు, అది నీళ్లు పట్టి ఉంచుతుంది. కుండీ మట్టిదైతే మంచిది. ఎనిమిది అంగుళాల లోతు, అంతకన్నా ఎక్కువ వెడల్పు ఉండాలి, అడుగున చిల్లు మూసుకుపోకుండా పెంకు ముక్క పెట్టాలి. తుపాను వానలు కురిసే రోజుల్లో కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు.

ఎండ కనీసం ఆరు గంటలు కావాలి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు తూర్పు బాల్కనీ దొరికితే అంతకన్నా కావాల్సింది లేదు. పువ్వు పొద్దునే తెరుచుకుంటుంది కాబట్టి కాఫీ తాగేవేళకు చూడొచ్చు. పడమటి బాల్కనీలో పెట్టి, ఆఫీసు నుంచి వచ్చాక చూసి, పూయలేదని బాధపడేవాళ్లకు చెప్పేదొకటే. ఆదివారం తొమ్మిదింటికి ఒకసారి చూడండి.

నీళ్ల లెక్క కుండీయే చెబుతుంది. పైమట్టిలో వేలు రెండు కణుపులు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. నారుగా ఉన్నప్పుడు తప్ప రోజూ పోయాల్సిన పనిలేదు. ఎరువు వానాకాలం మొదట్లో ఒకసారి చాలు. యూరియా లాంటివి వేస్తే ఆకు దట్టంగా వస్తుంది, కాడ పొడుగ్గా సాగుతుంది, పూలు తగ్గుతాయి. పేదనేలలో పుట్టిన మొక్కను కొవ్వెక్కించి పెంచితే వచ్చే ఫలితం అదే. తెగుళ్లు పెద్దగా రావు. మేడల మీద పిండినల్లి మాత్రం అప్పుడప్పుడు ఆకు పంగల్లో తెల్లగా చేరుతుంది. నాలుగైదు ఉంటే తడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. ఎండలో చల్లితే నూగున్న ఆకులు మాడతాయి.

సంక్రాంతి దాటాక పూత తగ్గి మొక్క చెదిరినట్టు కనిపిస్తుంది. అప్పుడు కాడలను మొదలు నుంచి రెండు మూడు అంగుళాలు ఉంచి కత్తిరించాలి. ఎండాకాలంలో మొక్క పూర్తిగా ఎండినట్టే ఉంటుంది, చాలా విష్ణుక్రాంతాలు చెత్తబుట్టలోకి పోయేది మే నెలలోనే. పారేసేముందు మొదలును గోటితో కాస్త గీకి చూడాలి. కింద పచ్చగా కనిపిస్తే అది బతికే ఉంది. అయిదారు రోజులకొకసారి కొద్దిగా తడి తగిలిస్తే తొలకరికి చిగురేస్తుంది. పెరడున్నవాళ్లు దీన్ని పచ్చికలో కాకుండా మెట్ల పక్కన, బండల మధ్య, ప్రహరీ మొదట్లో గులకరాళ్ల వరసలో పెంచుకోవాలి. పచ్చికకు పోసే నీళ్లు దీనికి విషం.

ఇక్కడే నర్సరీ మాట ఒకటి చెప్పుకోవాలి. విష్ణుక్రాంతం కావాలని అడిగితే కొన్నిచోట్ల నీలిపూలతో గుబురుగా ఉన్న మొక్కను చేతిలో పెడతారు. దాని వ్యాపార నామం బ్లూ డేజ్, శాస్త్రీయ నామం ఎవాల్వులస్ గ్లోమెరాటస్, సొంతూరు బ్రెజిల్ వైపు. వేరొక అమెరికన్ జాతి పేరైన ఎవాల్వులస్ నటాలియానస్‌తోనూ దీన్ని పొరపాటున అమ్ముతుంటారు. పువ్వు విష్ణుక్రాంతం కన్నా రెండింతలు పెద్దది, ఆకు వెడల్పు, కాడ నాటితే తేలిగ్గా వేళ్లు పోస్తుంది. రోడ్డు డివైడర్లకు, వేలాడే కుండీలకు మంచి మొక్కే. కొనుక్కోండి, పెంచుకోండి. కానీ అది విష్ణుక్రాంతం కాదు, దాని దూరపు అన్నదమ్ముల బిడ్డ. పూజకు చెల్లుతుందా లేదా అన్నది పురోహితుణ్ని అడగాల్సిన ప్రశ్న. అమ్మేవాళ్లు ఏది అమ్ముతున్నారో చెప్పి అమ్మడం మాత్రం కనీస మర్యాద.

మందు సంగతి ఎత్తకపోతే పాఠకులు ఒప్పుకోరు. చరక సంహితలో బుద్ధిని పెంచే మేధ్య రసాయనాలుగా నాలుగింటిని చెప్పారు. మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి. ఈ శంఖపుష్పి ఏ మొక్క అన్నదే చిక్కు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా గుర్తించినది కన్వాల్వులస్ ప్లూరికాలిస్. దక్షిణాదిలో చాలాచోట్ల విష్ణుక్రాంతాన్ని వాడతారు. కేరళలో శంఖపుష్పం తీగను వాడతారు. మూడూ వేర్వేరు మొక్కలు, వాటిలోని రసాయనాలూ ఒకటి కావు. కాబట్టి కుండీలో ఉంది కదా అని పిల్లల పరీక్షల ముందు ఆకు నూరి తాగించడం మంచిది కాదు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. శంఖపుష్పి సిరప్ కలిపి తాగిన రోగుల్లో ఆ మందు రక్తంలో తగ్గిపోయి, అదుపులో ఉన్న మూర్ఛలు మళ్లీ రావడాన్ని ముంబయి వైద్యులు గమనించి పరిశీలించారు, 1992లో ఆ పరిశోధన అచ్చయింది. మొక్కల మందుకు దుష్ఫలితాలుండవన్న నమ్మకానికి ఇదొక గట్టి జవాబు.

ఈ మొక్కను ఇంటి మనిషిలా చూసుకోవడంలో కేరళవాళ్లు మనకన్నా ఒక అడుగు ముందున్నారు. అక్కడ దశపుష్పాలని పది చిన్నమొక్కల జాబితా ఉంది. అందులో విష్ణుక్రాంతి ఒకటి. కర్కాటక మాసంలో, తిరువాతిర పండుగకు ఆడవాళ్లు వీటిని తలలో ముడుచుకుంటారు. జాబితాలో మిగతావి చూస్తే మనకూ తెలిసినవే. గరిక, గుంటగలగర, సహదేవి, పిండికూర, నేలతాడి... అన్నీ చిన్నమొక్కలే కావడంతో పదింటినీ ఒకచోట కుండీల్లో పెంచుకునే వీలు వాళ్లకుంది.

మన 21 పత్రుల్లో మామిడి, మారేడు, రావి, మద్ది, జమ్మి వంటి పెద్ద చెట్లూ ఉన్నాయి. వాటిని బాల్కనీలో పెంచమనడం అన్యాయం. అయితే జాబితాను ఇంకోసారి చూస్తే గరిక, తులసి, మరువం, మాచిపత్రి, విష్ణుక్రాంతం కుండీలో ఒదిగే రకాలే. అయిదు కుండీలు పట్టే చోటు ఎంత చిన్న ఫ్లాటులోనైనా ఉంటుంది. మరువానికి, తులసికి నీళ్లు కావాలి, విష్ణుక్రాంతానికి వద్దు, కాబట్టి అన్నీ ఒకే తొట్టెలో కలిపి నాటొద్దు. మిగతా పదహారూ బజారులో దొరికినంత దొరుకుతాయి. ఈ అయిదైనా పేరు చదివినప్పుడు సరైన ఆకే చేతిలోకి వస్తుంది. పక్కన కూర్చున్న పిల్లలకు ఇదీ విష్ణుక్రాంతం అని చూపించే వీలూ కలుగుతుంది.

పత్రి కోసం గుట్టలకు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. విష్ణుక్రాంతం కనిపిస్తే కాడ కొసన రెండంగుళాల రెమ్మ తుంచండి, మొక్కను వేళ్లతో పీకకండి. పూజకు ఒక్క రెమ్మ చాలు, మొదలు ఉంటే పై ఏడు మళ్లీ అక్కడే దొరుకుతుంది. కట్టలు కట్టి అమ్మేవాళ్లూ కొడవలి వాడితే వాళ్లకే లాభం, ఏటా కొత్త చోటు వెతుక్కునే తిప్పలుండవు. ఇంట్లో పెంచాలనుకుంటే కార్తీకంలో మళ్లీ ఆ గట్టుకు వెళ్లండి. గట్టు ఎవరిదో ఆ రైతును ఒకమాట అడిగి, పది పదిహేను కాయలు తెచ్చుకుని, మిగిలినవి ఆ నేలకే వదిలెయ్యండి.